కోతకు ముందు మొగ్గ: ఇంటి రీఫ్ ట్యాంకులో పగడాలను పెంచి పంచడం ఎలా

రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీటిలో పగడాలను పెంచే గాజు తొట్టి, పెట్టి ఏడాది దాటగానే చాలామంది చేతికి స్కాల్‌పెల్ వస్తుంది. ఒక పగడాన్ని నాలుగు ముక్కలు చేస్తే నాలుగు పగడాలవుతాయన్నది నిజమే. కానీ కోసిన ప్రతి ముక్కా ముందు గాయం మాన్పుకోవాలి, తర్వాతే పెరగాలి. ఈలోగా బ్యాక్టీరియా పట్టి కుళ్లిపోయేవీ ఉంటాయి, జిగురు వదిలి చుట్టూ ఉన్న జీవులను ఇబ్బంది పెట్టేవీ ఉంటాయి. ఇళ్లలో పెరిగే పగడాల్లో చాలావాటికి అసలు మన కోతతో పని లేదు. అవి మొగ్గలు వేస్తాయి, చీలుతాయి, పాకుతాయి, తమలో కొంత భాగాన్ని వదిలి ముందుకు జరుగుతాయి. మీ పగడం వీటిలో ఏ దారి పడుతుందో కనిపెట్టండి. నీటిని నిలకడగా ఉంచండి. మొగ్గ రాబోయే చోట, తర్వాత సులువుగా విడదీయగల రాయి పెట్టండి. ఈ వ్యాసమంతా ఈ మూడు పనుల గురించే.

ముందుగా: ఏ పగడం, ఎక్కడి నుంచి?

మీరు భారతదేశంలో ఉంటే ఈ విషయం తప్పక తెలిసి ఉండాలి. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, సీ ఫ్యాన్‌లను, ఫైర్ కోరల్‌ను, ఆర్గన్ పైప్ కోరల్‌ను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) రక్షణ జాబితాలో చేర్చారు. అండమాన్ విహారంలోనో, లక్షద్వీప్‌లోనో, మన్నార్ సింధుశాఖ తీరంలోనో ఒడ్డున పడి ఉన్న ముక్కను సంచిలో వేసుకోవడం కూడా నేరమే. అమ్మకందారు ఏం చెప్పినా, సముద్రం నుంచి తెచ్చిన రాతి పగడాన్ని కొనకండి. కొనబోయే జీవి ఏ జాబితాలో ఉందో అటవీశాఖ వన్యప్రాణి విభాగాన్ని అడిగి తెలుసుకోండి.

అమెరికాలో, బ్రిటన్‌లో, గల్ఫ్ దేశాల్లో ట్యాంకులు నడుపుతున్న తెలుగువారికి రాతి పగడాలు అంగడిలోనే దొరుకుతాయి. అవన్నీ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కనుక సెలవులకు ఇంటికి వస్తూ సామానులో ఒక ఫ్రాగ్ (పెంచడానికి విడదీసిన పగడపు ముక్క) పెట్టుకొని రావడం కుదరదు. సరిహద్దు దాటే ప్రతి ముక్కకూ అనుమతి పత్రాలు కావాలి.

అందుకే ఇక్కడ ముందు జోవాంథిడ్‌లు, మష్రూమ్ పగడాలు, గ్రీన్ స్టార్ పాలిప్‌ల వంటి, రాతి అస్థిపంజరం కట్టని మెత్తని జాతుల గురించి వివరంగా రాస్తున్నాను. రాతి పగడాల సంగతి ఆ తర్వాత వస్తుంది.

మొదటి మెట్టు: మొగ్గ ఎక్కడ వస్తుందో చూడండి

బడిలో హైడ్రా కోరకీభవనం బొమ్మ గీసినవారికి ఇది కొత్త కాదు. పగడం కూడా హైడ్రాకు దూరపు చుట్టమే. తేడా ఏమిటంటే, హైడ్రా పిల్ల తల్లి నుంచి విడిపోతుంది, పగడం పిల్ల సాధారణంగా అంటుకొనే ఉంటుంది. గుంపు అలా పెరుగుతుంది.

దీపాలు వెలిగిన రెండు గంటల తర్వాత, పాలిప్‌లు (పగడపు గుంపులో నోరు, స్పర్శకాలు ఉన్న ఒక్కో జీవి ఒక పాలిప్) పూర్తిగా విచ్చుకున్నప్పుడు, పంపులు ఆపి భూతద్దంతో చూడండి. జోవాంథిడ్ గుంపులో పాలిప్‌లన్నిటినీ కలిపే పొర ఒకటి రాతిని అంటుకొని ఉంటుంది. దాని అంచున గుండుసూది తలంత ఉబ్బు కనిపిస్తుంది. అరటి దుంప పక్కన పిలక లేచినట్లే ఆ ఉబ్బు కొన్నాళ్లకు నిలువుగా పెరిగి, కొసన చిన్న బొడ్డులా నొక్కుకుంటుంది. అదే నోరు. ఆ తర్వాత దాని చుట్టూ స్పర్శకాలు, వాటితో పాటే రంగు వస్తాయి. మొదట్లో పిల్ల పాలిప్ రంగు తల్లిలా ఉండకపోవచ్చు. అది చూసి మరో జాతి అనుకోకండి.

క్యాండీ కేన్ అనే రాతి పగడంలో మొగ్గ పక్క నుంచి రాదు. గుండ్రని నోరు కోలగా సాగుతుంది, కోల రెండు నోళ్లవుతుంది, తర్వాత పాలిప్ నడుము సన్నబడుతుంది. కింద అస్థిపంజరం గోడ కట్టుకొని రెండు తలలుగా తేలడానికి నెలలు పడుతుంది. మరో రాతి పగడం డంకన్ దారి వేరు. అది స్పర్శకాల వలయానికి బయట, కొమ్మ పక్కన చిన్న చుక్కలా మొదలవుతుంది. కొత్తవారు మొగ్గ వేయడాన్ని కళ్లారా చూడాలనుకుంటే, విదేశాల్లో ఉన్నవారికి నేను మొదట చెప్పేది డంకనే. బాగా తింటుంది, తిన్నది మొగ్గల్లో చూపిస్తుంది.

మష్రూమ్‌లు పాదంతో నెమ్మదిగా జరుగుతాయి. జరిగేటప్పుడు పాదం అంచులో చిన్న తునక వెనకే ఉండిపోతుంది. నాలుగైదు వారాలకు అదే ఒక బుల్లి పళ్లెం అవుతుంది. గ్రీన్ స్టార్ పాలిప్ ఊదారంగు పొరగా పాకుతుంది. కెన్యా ట్రీ అనే మెత్తని పగడం అయితే కొమ్మల కొసలను తానే తుంచి నీటిలోకి వదులుతుంది. అవి ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పట్టుకుంటాయి. లెదర్ కోరల్ అనే మరో మెత్తని పగడం మొదలు దగ్గర పిల్లలు లేస్తాయి. ఈ లెదర్ అప్పుడప్పుడూ కొన్ని రోజుల పాటు ముడుచుకొని, పైన మైనపు పొర వేసి, దాన్ని ఊడదీసుకుంటుంది. అది జబ్బు కాదు. ఆ రోజుల్లో దాన్ని కదిలించకండి, కాస్త ప్రవాహం తగిలేలా చూడండి చాలు.

రెండో మెట్టు: నీరు

మొగ్గ వేయడానికి పగడానికి మిగులు శక్తి ఉండాలి. నీటిలో మార్పులను తట్టుకోవడానికే శక్తి ఖర్చయిపోతే మొగ్గకు మిగలదు. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీల సెల్సియస్, లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35), అంటే సాపేక్ష సాంద్రత 1.025–1.026. ఆల్కలినిటీ, అంటే నీటిలో కరిగిన కార్బొనేట్ల నిల్వ, డీకేహెచ్ కొలతలో 8–9, కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని), మెగ్నీషియం 1250–1350 పీపీఎం. నైట్రేట్ 5–15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం. చివరి రెంటినీ సున్నాకు తేవాలని తాపత్రయపడకండి. వాటిని పూర్తిగా పీల్చేసిన నీటిలో పగడాలు వెలిసిపోతాయి, మెత్తని జాతులు ముడుచుకుపోతాయి.

అంకెల కన్నా నిలకడ ముఖ్యం. 7.8 దగ్గర నెలల తరబడి కదలకుండా ఉన్న ఆల్కలినిటీ, 8 కీ 10 కీ మధ్య ఊగే దానికన్నా మేలు. పెంచవలసి వస్తే రోజుకు 0.5 డీకేహెచ్ మించి పెంచకండి.

ఆల్కలినిటీని ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. పగడపు అస్థిపంజరం కాల్షియం కార్బొనేట్. దాన్ని కట్టడానికి 1 డీకేహెచ్ ఆల్కలినిటీ ఖర్చయితే, కాల్షియం సుమారు 7 పీపీఎం మాత్రమే తగ్గుతుంది. కాల్షియం నిల్వ పెద్దది, పరీక్ష కిట్టులో ఆ తేడా సరిగా తెలియదు. ఆల్కలినిటీలో మాత్రం వెంటనే తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం 8.6 ఉండి, ఏమీ కలపకుండా మంగళవారం అదే వేళకు 7.8 ఉంటే, రోజుకు 0.4 ఖర్చవుతోందన్నమాట. అంతే కలపండి. నెల తర్వాత అదే పరీక్షలో ఖర్చు 0.6 అయితే కొత్త అస్థిపంజరం లేస్తోందని అర్థం. గాజు మీద గులాబీరంగు కోరలైన్ నాచు పెరిగినా ఖర్చు పెరుగుతుంది కాబట్టి దాన్నీ లెక్కలోకి తీసుకోండి. మెత్తని పగడాలే ఉన్న ట్యాంకులో ఈ ఖర్చు చాలా తక్కువ. వారం వారం పదో వంతు నీరు మారిస్తే సరిపోతుంది.

నీరు కరిగిన లవణాలన్నిటినీ తీసేసే ఆర్‌వో‑డీఐ యంత్రం నుంచి రావాలి, ఉప్పు కలపక ముందు టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) సున్నా ఉండాలి. ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలపని ఈ యంత్రపు నీరే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కనుక ఉప్పునీరు పోస్తే లవణీయత రోజురోజుకూ పెరిగిపోతుంది.

హైదరాబాదులో, విజయవాడలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలు పరీక్ష వేడిదే. 30 డిగ్రీలు దాటి రోజులు గడిస్తే పగడం తనలో ఉండి వెలుగుతో తిండి తయారుచేసే జూజాంథెల్లే ఆల్గేను వదిలేసి తెల్లబడుతుంది. మూత తీసి నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలేలా పెడితే ఆవిరితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఆవిరి తక్కువ కాబట్టి ఫ్యాను అంతగా పనిచేయదు, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనక తప్పదు. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలిపంపు ఒకటి ఏ ఊళ్లోనైనా ఉండాలి.

మూడో మెట్టు: వెలుగు, ప్రవాహం, తిండి

జోవాంథిడ్‌లకు, లెదర్‌లకు 80–150 పార్ (ఆల్గేకు పనికొచ్చే వెలుగు కొలత) వెలుగు చాలు, మష్రూమ్‌లకు 50–80 కూడా సరిపోతుంది. తొందరగా మొగ్గలు రావాలని వెలుగు పెంచితే ముడుచుకుంటాయి. జోవాంథిడ్ కాడలు సాగి పైకి చాస్తుంటే వెలుగు చాలడం లేదని, రాతికి అతుక్కొని పొట్టిగా ఉంటే ఎక్కువైందని అర్థం. ప్రవాహం నేరుగా కొట్టకూడదు. పాలిప్‌లు అన్ని వైపులకూ ఊగాలి, ఒకే వైపు ఒరిగి ఉండకూడదు.

డంకన్, క్యాండీ కేన్‌లకు వారానికి రెండుసార్లు, దీపాలు ఆరాక పంపులు ఆపి, మైసిస్ అనే బుల్లి రొయ్యలను ఒక్కో తలకు ఒక్కోటి పిపెట్‌తో అందించండి. నోరు ఉబ్బి లోపలికి లాక్కున్నాకే పంపులు వేయండి. లేదంటే చేపలు, రొయ్యలు నోట్లోంచి లాగేస్తాయి. జోవాంథిడ్‌లకు పెద్దగా పెట్టక్కర్లేదు.

నాలుగో మెట్టుకు ముందు: పాలిటాక్సిన్

ఈ భాగాన్ని దాటవేయకండి. కొన్ని జోవాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. హవాయి దీవుల్లోని పాలిథోవా నుంచి దీన్ని వేరుచేసిన సంగతి 1971లో ప్రకటించారు. ప్రకృతిలో దొరికే అత్యంత ప్రమాదకర విషాల్లో ఇదొకటి, దీనికి విరుగుడు లేదు. ఏ గుంపులో ఉంది, ఏ గుంపులో లేదు అన్నది చూపుతో తేలదు, కనుక అన్నిటిలోనూ ఉందనుకొనే పని చేయండి.

చేతికి నైట్రైల్ తొడుగులు, కళ్లకు పక్కలు మూసి ఉండే అద్దాలు తప్పనిసరి. నొక్కితే పాలిప్ నీటిని చిమ్ముతుంది, అది కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. చేతికి గాయం ఉంటే ఆ పని వాయిదా వేయండి. జోవాంథిడ్ ఉన్న రాయిని వేడినీటిలో ఎప్పుడూ వేయకండి, మరిగించకండి, బయట పెట్టి బ్రష్‌తో రుద్దకండి. ఆవిరితో, తుంపరతో విషం ఊపిరిలోకి పోయి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. పని పూర్తయ్యాక పరికరాలను బ్లీచు కలిపిన చన్నీళ్లలో అరగంట ఉంచండి. నోట్లో లోహపు రుచి, చలిజ్వరం, ఆయాసం, కంటి మంట, కండరాల నొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పాలిటాక్సిన్ అన్న మాట డాక్టరుకు మీరే చెప్పండి, ఎందుకంటే చాలామందికి అది తట్టదు.

నాలుగో మెట్టు: రాయి పెట్టి పాకనివ్వడం

నా దృష్టిలో జోవాంథిడ్‌లకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. బొటనవేలి గోరంత రాతి ముక్కలు లేదా సిరామిక్ ఫ్రాగ్ ప్లగ్‌లు (పగడపు ముక్కను నిలబెట్టే చిన్న బిళ్లలు) తీసుకోండి. ఉపరితలం గరుకుగా ఉండాలి. వాటిని రెండు మూడు వారాలు ట్యాంకులోనే నానబెట్టండి. కొత్త ప్లగ్ తెల్లగా మెరుస్తున్నంతకాలం పగడపు పొర దాని మీదకు వెళ్లడానికి వెనకాడుతుంది. బ్యాక్టీరియా పట్టి రంగు మారాక సులువుగా పాకుతుంది.

గుంపు అంచున తాజా ఉబ్బులు ఏ వైపు ఉన్నాయో చూసి, సరిగ్గా అక్కడ రాయిని ఆనించండి. అంచుకూ రాయికీ మధ్య వెలితి ఉండకూడదు. గోరు దూరేంత సందు ఉన్నా పొర అక్కడే ఆగిపోయి దిశ మార్చుకుంటుంది. రాయి కదలకుండా అడుగున సయనోఅక్రిలేట్ జెల్ (సూపర్‌గ్లూ రకం జిగురు) చుక్క వేయండి, లేదా ఎపాక్సీ ముద్ద పెట్టండి. జెల్ పాలిప్‌లకు తగలకూడదు.

ఇక వేచి ఉండండి. మొదట పొర సన్నటి నాలుకలా రాతి మీదకు వస్తుంది, దాని మీద ఒక పాలిప్ లేస్తుంది, తర్వాత మరోటి. కొత్త రాతి మీద నాలుగైదు పాలిప్‌లు నిలిచి, పొర రాతి రెండో అంచుకు చేరేదాకా ముట్టుకోకండి. ఒకటి రెండు పాలిప్‌లు ఉండగానే విడదీస్తే అవి వారాల తరబడి ముడుచుకొనే ఉంటాయి. ఈ ఒక్క దగ్గర చూపే ఓపిక తర్వాత చాలా కష్టాన్ని తప్పిస్తుంది.

విడదీసేటప్పుడు గుంపును ట్యాంకు నీరు పోసిన వెడల్పు పళ్లెంలోకి తీయండి. ఇక్కడ కత్తిరించేది రెండు రాళ్లను కలుపుతున్న సన్నని పొర ఒక్కటే. పాలిప్ దేనినీ తాకకుండా కత్తెరతో ఒక్కసారి తెంపండి. పళ్లెంలోని నీటిని ట్యాంకులో పోయకండి. శుభ్రమైన ఉప్పునీటిలో ఒకసారి జాడించి తిరిగి పాత చోటుకు దగ్గరలోనే, అదే వెలుగులో పెట్టండి.

గ్రీన్ స్టార్ పాలిప్‌కూ, జీనియా అనే మెత్తని పగడానికీ ఇదే పద్ధతి. కాకపోతే వాటిని మొదటి రోజు నుంచే ఇసుక మధ్యలో ఒంటరి రాయి మీద పెట్టండి, ప్రధాన రాళ్లకు పది సెంటీమీటర్ల దూరంలో. ప్రధాన రాళ్ల మీదకు ఒకసారి ఎక్కాక వాటిని వదిలించడం దాదాపు అసాధ్యం, మిగతా పగడాలను కప్పేస్తాయి. గాజు మీదకు పాకిన గ్రీన్ స్టార్ పొరను ప్లాస్టిక్ కార్డుతో చాపలా ఊడదీసి కొత్త రాయికి అంటించవచ్చు.

మష్రూమ్‌లకు పెట్టె

మష్రూమ్ జిగురుకు అంటదు, దాని ఒళ్లంతా జారుడే. అందుకే చుట్టూ రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఒక వరుస రాతిముక్కలు పరిచి, ప్రవాహం తక్కువ ఉన్న చోట అమర్చండి. మష్రూమ్ ఉన్న రాతిని మధ్యలో పెట్టి, పైన సన్నని వల కట్టండి. అది తనకు నచ్చిన వెలుగు కోసం ఒక రాతి నుంచి పక్క రాతికి జరుగుతుంది. జరిగిన దారిలో మిగిల్చిన తునకలు ఆయా రాళ్ల మీదే పిల్లలవుతాయి. పిల్ల చిటికెనవేలి గోరంత అయ్యాక రాతితో సహా తీసేయడమే. ఒక్క కోత కూడా పడదు.

ఇదే గుణం ఎయిప్టాసియా అనే కలుపు అనిమోన్‌కూ ఉంది. దాన్ని గీకినా, చిదిమినా పాదంలో మిగిలిన ప్రతి తునకా కొత్త ఎయిప్టాసియా అవుతుంది. కొత్తగా విచ్చుకున్న పారదర్శకమైన గోధుమరంగు జీవిని పగడపు పిల్లగా భ్రమపడి కాపాడేవారు ఉన్నారు. సన్నని, పొడవాటి, మొనదేలిన స్పర్శకాలు ఉండి, తాకగానే రాతి సందులోకి మాయమైతే అది ఎయిప్టాసియానే. పెప్పర్‌మింట్ రొయ్యలను గానీ, దాన్ని మాత్రమే తినే బెర్గియా అనే సముద్రపు నత్తను గానీ తెచ్చుకోండి.

రాతి పగడాలు: అస్థిపంజరం మీదే చేయి వేయాలి

కొమ్మలుగా పెరిగే హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, టార్చ్‌ల తలలు చీలాక, రెండు తలల కిందా కండ లేని వట్టి అస్థిపంజరం రెండు మూడు సెంటీమీటర్లు కనిపించేదాకా ఆగండి. అప్పుడు బోన్ కట్టర్‌తో (ఎముకలు తుంచే కత్తెరతో) ఆ వట్టి భాగంలోనే తుంచితే జీవమున్న కణజాలం తెగదు. గోడలా ఒకే వరుసలో పెరిగే హ్యామర్‌లో అలాంటి చోటు ఉండదు, దాన్ని వదిలేయండి. ఫ్రాగ్‌స్పాన్ కొమ్మ పక్కన పుట్టే పిల్లతలను సొంత అస్థిపంజరం ఒక సెంటీమీటరు అయినా కట్టుకొనేదాకా తీయకండి. ఈ జాతులు రాత్రివేళ పొడవాటి కుట్టే స్పర్శకాలు చాస్తాయి కాబట్టి పక్క పగడానికి పదిహేను సెంటీమీటర్ల ఎడం ఇవ్వండి.

పళ్లెం పగడం, అంటే ఫంగియా, చనిపోయిందనుకొని అస్థిపంజరాన్ని పారేయకండి. ట్యాంకులోనే ఒక మూల ఉంచండి. మిగిలిన కాస్త కణజాలం నుంచి నెలల తర్వాత చిన్న కాడల మీద బుల్లి పళ్లేలు లేస్తాయి. పెరిగాక వాటంతట అవే ఊడి పడతాయి. గోనియోపోరాలో కొన్ని జాతులు స్పర్శకాల మధ్య చిన్న అస్థిపంజరం ఉన్న పిల్లబంతులను తయారుచేసి కిందికి దొర్లిస్తాయి. హిందూ మహాసముద్రంలోని అల్డాబ్రా దీవిలో ఈ పద్ధతిని గమనించిన శాస్త్రవేత్తలు 1969లో ప్రకటించారు. అలా దొర్లిన బంతి దొరికితే ఇసుక మీద మెల్లని ప్రవాహంలో పెట్టండి.

పిల్లలు విడిపోవడం ప్రతిసారీ సంతోషించవలసిన విషయమని అనుకోవద్దు. పోసిల్లోపోరా, బర్డ్స్‌నెస్ట్ లాంటి వాటిలో పాలిప్‌లు అస్థిపంజరాన్ని వదిలి నీటిలోకి తేలిపోతుంటే దాన్ని బెయిల్ అవుట్ అంటారు. అది ప్రాణం దక్కించుకొనే ప్రయత్నం. వెంటనే లవణీయత, ఆల్కలినిటీ, ఉష్ణోగ్రత మూడూ పరీక్షించండి.

గుడ్లు, లార్వాల సంగతి

సముద్రంలో చాలా పగడాలు ఏడాదిలో కొద్ది రాత్రులే అండాలను, శుక్రకణాలను కలిపి వదులుతాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో పౌర్ణమి తర్వాతి రాత్రుల్లో జరిగే ఈ సామూహిక ప్రసవాన్ని శాస్త్రవేత్తలు 1980ల మొదట్లో గుర్తించారు. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం అక్వేరియంలో ఏడాది పొడవునా ఉష్ణోగ్రతనూ, పగటి నిడివినీ, వెన్నెలనూ సముద్రంలో ఉన్నట్లే అనుకరించి అక్రోపోరా అనే రాతి పగడాలను ముందే అనుకున్న వేళకు ప్రసవింపజేశారు. ఫ్లోరిడా అక్వేరియం 2019లో పిల్లర్ కోరల్‌తో అదే సాధించింది. ఇంట్లో అంత ఏర్పాటు కష్టం.

కానీ లార్వాలను లోపలే పెంచి వదిలే జాతులు ఇంట్లో కూడా పిల్లలను పెడతాయి. పోసిల్లోపోరా ఉన్న ట్యాంకులో గాజు మీద, నీరు పొంగి పడే ఓవర్‌ఫ్లో పెట్టెలో ఆవగింజంత నక్షత్రాలు కనిపిస్తే గీకకండి. సన్ కోరల్ పిల్లలు నారింజ చుక్కల్లా నీడ ఉన్న చోట లేస్తాయి, వాటికి వెలుగుతో పని లేదు, చిన్న రొయ్యల తిండి మాత్రం ఒక్కోదానికీ అందాలి. ఒక రాత్రి నీరంతా పాలలా మారితే అది పగడాల పనే కానక్కర్లేదు, నత్తలు కూడా అలా చేస్తాయి. ఏ జీవి వదిలినా ఆ అండాలు, శుక్రకణాలు కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది, కనుక నీటి మలినాన్ని నురగగా తీసే స్కిమ్మర్‌ను, యాక్టివేటెడ్ కార్బన్‌ను నడిపించి తెల్లారాక నీరు మార్చండి.

పంచేటప్పుడు

విడదీసిన పిల్లను కనీసం నెల రోజులు మీ దగ్గరే ఉంచి, పూర్తిగా విచ్చుకొని, అంచున కొత్త మొగ్గ కనిపించాకే ఇవ్వండి. ఒక్కో ముక్కను ఒక్కో సంచిలో, మునిగేంత నీటితో, మిగతా చోటంతా గాలితో కట్టి థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. సంచి మీద జాతి పేరు, మీ ట్యాంకు ఆల్కలినిటీ, లవణీయత, ఎంత వెలుగులో పెరిగిందో రాయండి. తీసుకొన్నవారు సంచిని పదిహేను నిమిషాలు తమ నీటిలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా తమ నీరు కలిపి, పగడానికి పట్టిన పురుగులు పోయేలా మందు నీటిలో ముంచి (డిప్ చేసి), కుదిరితే కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. సంచిలోని నీటిని తమ ట్యాంకులో పోయకూడదు. జోవాంథిడ్ ఇస్తున్నట్లయితే తొడుగులు, కంటి అద్దాలు వాడమని సంచి మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పండి.